ఎల్లాజీకి నేను తొడిగిన తెల్లచొక్కా

తిత్లీ తుపాను వెళ్లిన మూడోనాటి నుంచి మా కొట్టుకి తడిసిపోయిన తాతలూ నాయనమ్మలూ రావడం మొదలుపెట్టారు. కప్పులు లేచిపోయిన ఇళ్లలోంచి, నీళ్లు నిలిచిపోయిన వీధుల్లోంచి జనం వాళ్లని పాలిథిన్ సంచుల్లో చుట్టుకుని తెచ్చేవారు. కొన్ని ఫోటోల్లో ముఖం అద్దానికి అంటుకుపోయి సగమే మిగిలేది. కొన్నింటిలో తలపాగా ఉండేది, దాని కింద మనిషి ఉండేవాడు కాదు. అది 2018 అక్టోబరు.

నరసన్నపేట మెయిన్ రోడ్డులో మాది ఫోటో ఫ్రేముల కొట్టు. మా నాన్న సీతారామారావు ముప్పై ఏళ్లుగా దేవుళ్లకీ, పోయినవాళ్లకీ ఫ్రేములు కడుతున్నాడు. ఎవరు ఫోటో తెచ్చినా ఆయన ముందు అడిగే మాట ఒకటే: “ఉన్నోల్లా, పోయినోల్లా?” ఉన్నవాళ్లయితే బంగారు రంగు ఫ్రేము, పూల అంచు. పోయినవాళ్లయితే నల్ల ఫ్రేము, దండకి రెండు కొక్కేలు, కింద చిన్న ఎర్ర బల్బు. ఆ ప్రశ్నకి నొచ్చుకున్నవాళ్లని నేను చూడలేదు. దర్జీ కొలతలు అడిగినట్టే ఉండేది అది.

నేను ఉపేంద్రని. డిగ్రీ చదివి, బ్యాంకు పరీక్ష రెండుసార్లు రాసి, రెండుసార్లూ తప్పి, చివరికి అద్దం కోయడం నేర్చుకున్నవాణ్ని. మనసు మాత్రం అద్దం మీద ఉండేది కాదు, ఫోను మీద ఉండేది. ఖాళీ దొరికితే చాలు, ఫోనులో వేలితో బొమ్మలు వేసేవాణ్ని. ఫేస్‌బుక్కులో ‘వేలిగీతలు’ అని మాకో గ్రూపు ఉండేది. కంప్యూటరు కొనలేక, నేర్పేవాళ్లు లేక, ఫోను అద్దం మీద వేలితో గీసుకునే నాలుగు వందల మంది. తెనాలిలో ఒక క్యాషియరుగారు, కరీంనగర్‌లో ఒక టీచరుగారి భార్య, మస్కట్‌లో క్రేను నడిపే రాంబాబు, ఇలాంటివాళ్లం. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. అయినా ఒక బొమ్మ పెడితే పెళ్లికొచ్చిన చుట్టాల్లా పలకరించేవారు. నేను ఎంత తంటాలు పడినా అరవై లైకులు దాటడం గగనం. అరవై రెండు నా రికార్డు. అదీ మా పెరట్లో కుక్క నిద్రపోతున్న బొమ్మకి.

తుపానుతో నా పిచ్చి కొట్టుకి పనికొచ్చింది. ఒకరోజు నాన్న ఒక తడిసిన ఫోటో నా ముందు పెట్టి, “ఒరే, ఆ ఫోనుల ఏటో గీకుతుంటావు గదా, ఈ ముసలాయనకి సెవి అతికించగలవేట్రా?” అన్నాడు. అతికించాను. ఆ ముసలాయన కూతురు దాన్ని చూసి కొట్టు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఏ పుట్టలో ఏ పాముందో అని మా అమ్మ మురిసిపోయింది. ఇక చూడండి, నెల రోజుల్లో నూటముప్పై మందికి ముక్కులూ చెవులూ కళ్లూ పెట్టాను. వాళ్లు ఏం బట్టలు కట్టేవారో నాకు తెలియదు కదా, అందుకని మగవాళ్లందరికీ ఒకటే తెల్లచొక్కా తొడిగేవాణ్ని. వెనక నీలం రంగు. చూపు తిన్నగా. తల పైన దండకి నాలుగు వేళ్ల జాగా. నూటముప్పై మందికి చేసేసరికి నా వేలికి అది అలవాటైపోయింది. నేను వద్దన్నా అదే పని చేసేది.

నీలవేణి కూడా ‘వేలిగీతలు’ మనిషే. శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున వాళ్ల పాలెం. కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టుకుంటూ మధ్యమధ్యలో పడవల బొమ్మలు వేసేది. ఆ పడవల్లో ఏ తాడు ఎక్కడుండాలో అక్కడే ఉండేది. నాకంటే మంచి చెయ్యి ఆమెది. అప్పట్లో ఆ మాట ఒప్పుకునేవాణ్ని కాదు. మా ఊళ్ల మధ్య నలభై కిలోమీటర్లు కూడా లేదు గాని, ఎప్పుడూ కలుసుకోలేదు. డిసెంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం ఆమె నాకు మొదటిసారి ఫోన్ చేసింది.

“ఉపేంద్రగారూ, ఓ బొమ్మ ఏసి ఇవ్వాలండి. మా అన్నది.”

ఆమె అన్న పేరు ఎల్లాజీ. ఆ పాలెం మగవాళ్లలో సగం మంది ఆగస్టులో గుజరాత్ వెళ్లిపోతారు, వెరావల్ బోట్ల మీద పనికి. మళ్లీ మే నెలలో వస్తారు. ఇక్కడి సముద్రంలో చేపలు తగ్గిపోయాక బతుకు అలా అయింది. ఎల్లాజీ ఎక్కిన బోటు దీపావళి ముందు సముద్రంలోకి వెళ్లింది. మళ్లీ ఒడ్డుకి రాలేదు.

“బోటు ఓనరేం అంటున్నాడు?” అన్నాను.

“గాలొచ్చినాది, మాకేటీ తెలీదంతన్నాడు. మా ఊరోల్లు ఆశొదిలేసుకోమంతన్నారు. మా వదిన బుల్లమ్మ సేత గాజులు తీయించాలంతన్నారు. మా అమ్మ ఒప్పుకోవట్నేదు. నా కొడుకు ఎక్కడున్నాడో సూపించండి, అప్పుడు తీస్తాది అంతాది.”

“మరి బొమ్మ ఎందుకు?”

“అమ్మకి సూపు మసకండి. అన్న పోటో ఒక్కటే ఉన్నాది, బోటు మీద పదిమందితో దిగినాడు. అంత సిన్న మొకం ఆవిడికి ఆనదు. మీరు పెద్దగా మొకం ఒక్కటీ ఏసిస్తే గోడకెట్టుకుంతాది. సూసుకుంటూ ఉంటే దైర్నంగా ఉంతాది. నాను ఏద్దామంటే అన్న మొకం కాడికొచ్చేసరికి సెయ్యి వనుకుతంది.”

వేసిస్తానన్నాను.

“ఇంకో మాటండి. ముందు నాకే పంపండి. అమ్మ సూసినాక గ్రూపుల ఎట్టుదురు.”

అలాగే అన్నాను. నన్నెవరూ బలవంతం చెయ్యలేదు, నోటితో నేనే అన్నాను.

నాలుగు రోజులు కూర్చున్నాను ఆ బొమ్మ మీద. ఫోటోలో ఎల్లాజీ చిరుగుల బనీనుతో, పక్కనెవరో వేసిన హాస్యానికి పగలబడి నవ్వుతున్నాడు. ముఖం సగం ఎండలో ఉంది, సగం నీడలో. వెనక వలలూ, ఐసు పెట్టెలూ, మనుషులూ. నేను ఆ మనుషుల్ని తీసేశాను. వలలు తీసేశాను. వెనకంతా నీలం నింపాను. బనీను మీద తెల్లచొక్కా తొడిగాను. పక్కకి తిరిగి నవ్వుతున్న కళ్లని తెచ్చి తిన్నగా నిలబెట్టాను. తల పైన నాలుగు వేళ్ల జాగా వదిలాను. ఇదంతా చేస్తున్నప్పుడు ఏం చేస్తున్నానో నాకు తట్టలేదు. చెయ్యి తిరిగిన పని బాగా వస్తోందని మాత్రం సంబరపడ్డాను. కనుపాపలో వెలుగుచుక్క పెట్టినప్పుడు నిజంగా మనిషి చూస్తున్నట్టే ఉంది.

నీలవేణికి పంపాను. ఒకటే టిక్కు పడింది. కలెక్టరాఫీసులో అర్జీ ఇవ్వడానికి వెళ్తానని, చార్జింగు ఉండదని ముందే చెప్పింది. అయినా మాట నిలబెట్టుకోవడానికి ఓపిక కావాలి. నా దగ్గర అది అరగంటకి సరిపడా ఉంది. పన్నెండున్నరకి గ్రూపులో పెట్టేశాను. పైన ‘ఎల్లాజీ’ అని పేరు, పక్కన వాళ్ల పాలెం పేరు రాశాను. అంతే, ఇంకేమీ రాయలేదు.

మొదటి మాట మస్కట్ నుంచి రాంబాబు పెట్టాడు. “ఓం శాంతి. చిన్న వయసు. అద్భుతంగా వేశావు మిత్రమా.” దాని కింద తెనాలి క్యాషియరుగారు రెండు చేతులు జోడించారు. టీచరుగారి భార్య కుటుంబానికి సానుభూతి తెలిపింది. ఆ తరవాత ఒకరిని చూసి ఒకరు. ఎవరీయన, ఎప్పుడు పోయాడు, ఎలా పోయాడు అని ఒక్కరూ అడగలేదు. తెల్లచొక్కా చూశారు, నీలం చూశారు, చేతులు జోడించారు. మనవాళ్లకి ఆ మాత్రం చాలు.

“అయ్యో, ఆయన బతికే ఉన్నాడండీ” అని టైపు చేశాను. పంపబోతూ చూస్తే లైకులు నూటపది. బతికి ఉన్నాడని నాకు మాత్రం ఏం తెలుసు అని సర్దిచెప్పుకున్నాను. అబద్ధం ఎందుకు, నూటపది దగ్గర ఆగిపోతుందేమోనని భయం వేసింది. టైపు చేసింది చెరిపేశాను.

భోజనం చేసి వచ్చిన నాన్న నా భుజం మీదుగా చూశాడు.

“ఎవులిదిరా అది? ఎప్పుడు పోయినాడు?”

“పోలేదు నాన్నా. కనబడటం లేదంతే. వాళ్లమ్మ ఎదురుచూస్తోంది.”

నాన్న కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. “మరి ఇలగేసినావేటి?”

అప్పుడు చూశాను నా బొమ్మని, కొట్టుకొచ్చిన మనిషి చూసినట్టు. నల్ల ఫ్రేము ఒక్కటే తక్కువ.

“తీసీరా. బేగి తీసీ,” అన్నాడు నాన్న.

తీస్తానన్నాను. ఒక గంట ఆగి తీద్దామనుకున్నాను. సాయంత్రానికి లైకులు మూడు వందల నలభై. మన జిల్లా జాలర్ల పేజీ ఒకటి బొమ్మని పట్టుకెళ్లి, ‘గుజరాత్ సముద్రంలో అసువులు బాసిన మన బిడ్డకి జోహార్లు’ అని సొంతంగా రాసుకుంది. అక్కడి నుంచి వాట్సాప్. ఇక నేను తీసేసినా ఒకటే, ఉంచినా ఒకటే అనిపించింది. అలా అనిపించేదాకా ఆగడానికే ఆ గంట కావాలనుకున్నానేమో, ఇప్పుడు ఆలోచిస్తే అదే అనుమానం.

రెండు రోజుల తరవాత నీలవేణి ఫోన్ చేసింది. తిడుతుందని కాచుకున్నాను. తిట్టలేదు. ఏం జరిగిందో వరసగా చెప్పింది, ఎవరింట్లోనో జరిగినట్టు.

ఆమె శ్రీకాకుళం నుంచి బస్సు దిగేసరికి వాళ్లింటి ముందు జనం ఉన్నారు. అందరి ఫోన్లలోనూ ఆ బొమ్మే. నరసన్నపేటలో ఫ్రేములు కట్టే కోమట్ల కుర్రాడు వేశాడని కూడా తెలిసిపోయింది. కులపెద్ద జోగయ్య నీలవేణిని పక్కకి పిలిచి అడిగాడట: “ఫ్రేముకిచ్చినావంటే నీకు కబురొచ్చినట్టే గదమ్మా. మీ అమ్మ కాడ ఎందుకు దాస్తన్నావు?” కబురేమీ రాలేదని ఆమె మొత్తుకుంది. ఎవరూ నమ్మలేదు. మనిషి పోయాడని ఖాయం కాకుండా అలాంటి బొమ్మ ఎవరు వేయిస్తారు? మా జిల్లాలో ఎవరూ వేయించరు. ఆ మాట నిజమే.

“అమ్మ ఏమంది?” అన్నాను.

“జోగయ్య పెదనాన్న మనవడి టాబ్ ఉన్నాది, దానిల పెద్దగా సూపించినారు. అమ్మ కల్లకి దగ్గరగా ఎట్టుకుని సానాసేపు సూసినాది. మొకం మీద సెయ్యేసి తడిమినాది. ఎవులి సొక్కా ఇది అన్నాది. మా అన్నకి తెల్లసొక్కా నేదండి. ఎప్పుడూ నేదు. ఆ తరవాత, ఇంక కానీండి అన్నాది.”

ఒడ్డున గడ్డితో మనిషిని చేశారట. దానికి ఎల్లాజీ లుంగీ కట్టి కాల్చారట. బుల్లమ్మ గాజులు తీశారు. చివరికి నీలవేణి తను ఫోన్ చేసిన పని చెప్పింది.

“పెద్దకర్మకి పోటో ఉండాలంట. ప్రింటు తీసి, కట్టి ఇవ్వండి. బల్బు ఉన్నదే,” అంది.

నాన్న ఆ ఫ్రేము కట్టేటప్పుడు ఎప్పుడూ అడిగే ప్రశ్న అడగలేదు. మేకులు కొట్టి, పాత పేపరు చుట్టి, పురికొస కట్టి నా చేతిలో పెట్టి, “నువ్వే ఎల్లి ఇచ్చిరా,” అన్నాడు.

బైకు మీద వెళ్లాను. పాలెంలో నన్ను చూసి ఎవరూ నిలదీయలేదు. పైగా గౌరవంగా దారి చూపించారు. అది ఇంకా కష్టంగా ఉంది. నీలవేణిని ఆ రోజే మొదటిసారి చూడటం. సన్నగా, పొడుగ్గా ఉంది. చెవి మీద సుద్దముక్క పెట్టుకుని ఉంది, మిషను దగ్గర నుంచి లేచొచ్చినట్టుంది. నా ముఖం చూడకుండా లోపలికి తీసుకెళ్లింది. వాళ్లమ్మ లక్ష్మణమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. బుల్లమ్మ గ్లాసుతో నీళ్లు తెచ్చింది. బోసి చేతులు. నేను ఆ గ్లాసు అందుకున్నాను గాని తాగలేకపోయాను.

“నువ్వేనా బాబూ ఏసినోడివి?” అంది లక్ష్మణమ్మ.

“నేనేనమ్మా.”

“ఎక్కడ సూసినావు మావోడిని?”

“ఫోటో చూసి వేశానమ్మా. నీలవేణి పంపింది.”

“ఆ పోటోల ఆడు ఇలగ నేడు. నవ్వుతన్నాడు, పక్కకి సూస్తన్నాడు. నాకు మా నీలవేణి సెప్పినాది. ఇక్కడ నా ఏపే సూస్తన్నాడు. నీకు కనిపించినాడా ఏటి?”

అప్పుడు చెప్పాల్సింది. అమ్మా, నాకెవరూ కనిపించలేదు, నా వేలికి అలవాటు, అంతే, మీవాడు ఉన్నాడో లేడో ఈ బొమ్మకి తెలియదు అని. పక్క గదిలో బుల్లమ్మ ఉంది, బయట జోగయ్య ఉన్నాడు, ఒడ్డున బూడిద ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అనుకున్నాను. సామెతలు పిరికివాళ్లకి భలే అందివస్తాయి. ఫ్రేము గోడకి తగిలించి, వైరు ప్లగ్గులో పెట్టి, బల్బు వెలగడం చూసి వచ్చేశాను.

ఇంటికొచ్చి ఆ బొమ్మ గ్రూపులోంచి తీసేశాను. నెల తిరక్కుండా అది నా దగ్గరికే తిరిగొచ్చింది. మా అమ్మ వాళ్ల భజన గ్రూపులో, ‘అప్పుల బాధతో రైతు ఆత్మహత్య’ అని ఎల్లాజీ ముఖం. వేరే పేరు, వేరే జిల్లా. ఫిబ్రవరిలో ఎవరో దానికి కిందంతా బంతిపూలు అద్ది, జవాను అని రాశారు. ఒకసారి మా కొట్టుకే ఒకావిడ వచ్చి ఫోను చూపించింది. “మా మరిదికి ఇలగేయండి బాబూ, ఇలాటి నీలమే కావాల,” అంది. ఆ కళ్లు నా వైపే చూస్తున్నాయి. నేను పెట్టిన వెలుగుచుక్కలే. తరవాత తరవాత ఫోను మోగితే తెరిచే ముందు ఒక్క క్షణం ఆగడం అలవాటైంది. బొమ్మలు వెయ్యడం మానేశాను. గ్రూపులో రాంబాబు రెండుసార్లు అడిగాడు, ఏమయ్యావు మిత్రమా అని.

ఏప్రిల్ ఆఖరున నీలవేణి నుంచి ఒక మెసేజి వచ్చింది. నాలుగున్నర నెలల తరవాత. ‘అన్న ఫోన్ చేశాడు’ అని ఉంది, అంతే.

బోటు మునగలేదు. గాలికి కొట్టుకుపోయి సరిహద్దు దాటింది. పక్కదేశం వాళ్లు పట్టుకుని జైల్లో వేశారు. అక్కడి నుంచి జాబితా రావడానికి, వచ్చిన జాబితా ఆఫీసులు తిరగడానికి, విడుదల కావడానికి ఇన్ని నెలలు పట్టింది. మే రెండో వారంలో ఎల్లాజీ పాలెం వచ్చాడు. ఆ కబురు విని నేను కొట్టు వెనక్కి వెళ్లి, అద్దాల పెట్టెల మధ్య నిలబడి ఏడ్చాను. బరువు దిగిందనుకున్నాను.

జూన్ మొదట్లో ఒక పొద్దున నాన్న ఒక్కడే కౌంటరు దగ్గర ఉన్నాడు. నేను లోపల అద్దం కోస్తున్నాను. ఎవరో వచ్చిన చప్పుడైంది. ఫోటో ఫ్రేము గురించి అనగానే నాన్న అలవాటు కొద్దీ అడిగాడు.

“ఉన్నోల్లా, పోయినోల్లా?”

“నాదే బాబూ,” అంది ఆ గొంతు.

బయటికొచ్చి చూశాను. వెంటనే పోల్చుకోలేకపోయాను. నేను వేసిన మనిషి నిండుగా ఉంటాడు. ఈ మనిషి బుగ్గలు లోపలికి పోయి, గడ్డంలో తెల్లవెంట్రుకలతో, గళ్ల చొక్కాతో ఉన్నాడు. నా బొమ్మ ముందు పెడితే ఇతనే నకిలీ అనిపిస్తాడు. ఆ ఆలోచన వచ్చినందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

“మీరు ఏసిన బొమ్మ మీరే దించాలి బాబూ,” అన్నాడు ఎల్లాజీ. “మాయమ్మ ఇంకెవుల్నీ ముట్టనీదు.”

కూర్చోబెట్టి టీ తెప్పించాం. చెప్పుకొచ్చాడు. కర్మ అయిపోయిన మనిషిని తిన్నగా గడప దాటనివ్వకూడదన్నారట పెద్దలు. సముద్రంలో ముంచి, పసుపునీళ్లు పోసి, పసివాడికి చేసినట్టు మళ్లీ పేరు పెట్టి, బుల్లమ్మకి మళ్లీ తాళి కట్టించారట. అన్నీ లక్ష్మణమ్మ దగ్గరుండి జరిపించింది. కాని గోడ మీది బొమ్మ తీయనివ్వలేదు.

“పొద్దున లేస్తే దాని కాడికే ఎల్తాది. ఎల్లాజీ, లేసినావేట్రా అంతాది. ఎల్లాజీ, ఈయేల సముద్రం పోటుమీదున్నాది అంతాది. దానికి కత సెప్తాది. నాను పక్కనే ఉంతాను. నన్ను ఒరే, ఇలారా, తిను అంతాది గాని పేరెట్టి పిలవదు. నెల కావస్తన్నాది బాబూ. నా పేరు దానికిచ్చేసినాది.” అతను గ్లాసు కింద పెట్టాడు. “జైల్ల కూడా పేరు ఉన్నాది నాకు. పొద్దునా సాయంత్రం పిలిసేవోరు.”

నాన్న పట్టకారూ, స్క్రూడ్రైవరూ సంచిలో వేసి నాకిచ్చాడు. ఎల్లాజీ బైకు వెనక కూర్చున్నాడు. దారిపొడుగునా వెనక మనిషి బరువు తెలుస్తూనే ఉంది.

మేం వెళ్లేసరికి నీలవేణి వాకిట్లో మిషను మీద కుడుతోంది. బుల్లమ్మ కత్తిపీట ముందు చేపలు కోస్తోంది. చేతులకి కొత్త గాజులు. లోపల పట్టపగలే ఎర్రబల్బు వెలుగుతోంది. దాని పైన తెల్లచొక్కాతో ఎల్లాజీ. నేను చెప్పులు విప్పి లోపలికి వెళ్లి లక్ష్మణమ్మ ముందు కూర్చున్నాను. డిసెంబరులో చెప్పాల్సింది అప్పుడు చెప్పాను. అంతా చెప్పాను. మాట తప్పి ముందే అందరికీ చూపించాననీ, ఓం శాంతి అంటుంటే కాదనలేదనీ, లైకుల కోసం ఊరుకున్నాననీ. లైకులంటే ఏమిటో ఆవిడికి నీలవేణి మిషను దగ్గర నుంచే చెప్పింది. లక్ష్మణమ్మ అంతా విని తలూపింది.

“కుర్రతనం. పోనీ బాబూ.”

“అది తప్పుగా వేసిన బొమ్మమ్మా. తీసేస్తాను. ఎల్లాజీని ఎదురుగా కూర్చోబెట్టుకుని మళ్లీ వేసిస్తాను, నవ్వుతూ ఉన్నట్టు.”

“తప్పేటున్నాది. బాగుంది గదా.”

“మీ అబ్బాయి వచ్చేశాడు కదమ్మా. ఇదిగో, గుమ్మంలో ఉన్నాడు.”

“నాకు సూపు మసకే గాని మతి మసక గాదు బాబూ. నా కడుపున పుట్టినోడు వొచ్చినాడని నాకు తెల్దేటి.” ఆవిడ గొంతులో కోపం లేదు. “ఈడు మల్లీ ఎల్తాడు. ఆగస్టు రానీ, సంచి సర్దుతాడు. నాను ఒద్దంతే ఆగుతాడేటి? ఆల్ల నాన్న కూర్మయ్య ఆగినాడేటి, మల్లీ వొచ్చినాడేటి? ఇదిగో, ఈ గోడ మీదోడు ఎల్లడు. సెప్పకుండా ఎక్కడికీ ఎల్లడు. ఈడి కోసం ఏడవాల్సింది ఏడిసేసినాను. పిండం కూడా ఎట్టేసినాను. అయిపోనాది. అది దించేస్తే మల్లీ మొదటి కాడి నుంచి బయిపడాల. నా వల్ల గాదు.”

నేను సంచి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

“ఒక్కటి సెయ్యి,” అంది. “ఆడు ఇంక ఎల్లనని నా తల మీద సెయ్యేసి సెప్పమను. నానే దించుతాను. నీకెందుకు శ్రమ.”

గుమ్మంలో ఎల్లాజీ ఉన్నాడు. మిషను చప్పుడు ఆగిపోయింది. బుల్లమ్మ చేతిలో చేప అలాగే ఉంది. అతను పెళ్లాం వైపు చూశాడు, చెల్లెలి వైపు చూశాడు, వాకిట్లో ఎండలో బోర్లించి ఉన్న తండ్రి తెప్ప వైపు చూశాడు. మూడేళ్లుగా ఎవరూ దాన్ని నీళ్లలోకి దించలేదని నీలవేణి ఒకప్పుడు చెప్పింది. దాని మీద వెళ్తే కూరకి కూడా చేపలు పడవు. ఎల్లనని అనడానికి రెండు క్షణాలు చాలు. అబద్ధమైనా చెప్పచ్చు. చెప్తాడనే అనుకున్నాను, చెప్పాలని మనసులో మొక్కుకున్నాను కూడా.

“ఉండనీండి బాబూ,” అన్నాడు ఎల్లాజీ. “నాను ఇంటికాడ నేనప్పుడు ఆవిడికి తోడుంతాది.”

బుల్లమ్మ తల వంచుకుని మళ్లీ చేప కోయడం మొదలుపెట్టింది. నేను లేచి, సంచి భుజాన వేసుకున్నాను. లక్ష్మణమ్మ గోడ పట్టుకుని మెల్లగా లేచింది. పొయ్యి దగ్గరికి వెళ్లి కుండ మీది మూత తీసింది. మా వైపు తిరగలేదు.

“ఎల్లాజీ,” అని పిలిచింది. “అన్నానికి రారా.”

ఎవరిని పిలిచిందో నాకు తెలియలేదు. గుమ్మంలోని మనిషికీ తెలియలేదు. పలకబోయి ఆగి, గోడ వైపు చూశాడు, ఆ తెల్లచొక్కావాడు ముందు లేస్తాడేమో అన్నట్టు.